ఆర్కాటు కోటలో గంజి త్రాగినవారు

మెకాలే ప్రభువు 1840 సంవత్సరము జనవరి నెలలో ఎడింబరో రివ్యూ పత్రికయందు ప్రకటించిన క్లైవు వ్యాసమును, ఇంగ్లీషు వచనపు నడక తెలిసికొనగోరు విద్యార్థులకు చదువుమని మేము పలుమారులు చెప్పియున్నాము. ఆ వచనములోని పరుగు, వాక్యమునకు వాక్యము బలము చేకూర్చుకొనుచు పోవు తీరు నేటికిని మెచ్చదగినవే. సంస్కృత వాఙ్మయమును గురించి 1835లో ఆయన వ్రాసిన చులకన మాటలకు మనసు నొచ్చుకొని ఆయన గ్రంథములను తాకమని పంతము పట్టినవారిని మేమెరుగుదుము. మేమట్టి పంతము పట్టలేదు. వ్రాసినవాని అభిప్రాయము వేరు, వ్రాత వేరు. అయితే ఆ వ్యాసములో ఆర్కాటు ముట్టడిని వర్ణించిన పుటలను ఇటీవల తరగతిలో చదివి చెప్పుచుండగా జరిగిన యొక చిన్న సంగతి మాచేత ఆ పుటలను, వానికి మూలములైన పుటలను మరల తిరుగవేయించినది.

ముట్టడి ముదిరి కోటలో ఆహారము తరిగిపోగా నాటు సిపాయిలు క్లైవు కడకు వచ్చి, తమ కష్టమును చెప్పుకొనుటకు బదులు, అన్నమంతయు దొరలకే పెట్టుడు, వార్చిన గంజి మాకు చాలునని విన్నవించిరట. ఈ ఘట్టమును మేము కొంత గద్గదస్వరముతోనే చదివితిమని యొప్పుకొనుచున్నాము. తరగతి నిశ్శబ్దముగ వినెను. అంతలో వెనుక వరుసనుండి యొక బాలిక లేచి, "సార్, ఆ అన్నం ఎవరు వండినారు సార్?" అని యడిగినది. పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు, సమాధానమును రాలేదు.

ఆర్కాటు మనకు పరాయి పట్టణము కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునంతవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము మన చిత్తూరే. ఆర్కాటు నవాబుల కలహములకు మన కొండలు, కనుమలు సాక్షులు. పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో 1740లో మహారాష్ట్రుల దాడికి నవాబు దోస్తలీ నేలకూలెను. అతని కొడుకు సఫ్దరలీని రెండేండ్లకు వేలూరులో స్వజనులే హత్య చేసిరి. తరువాత నిజాము నిలిపిన అన్వరుద్దీను 1749లో ఆంబూరు యుద్ధములో చచ్చెను. దోస్తలీ అల్లుడు చందాసాహేబు ఒక వైపున, అన్వరుద్దీను కొడుకు మహమ్మదలీ యొక వైపున సింహాసనమునకై పోరాడసాగిరి. మొదటివానికి ఫ్రెంచివారు, రెండవవానికి ఇంగ్లీషువారు తోడు. మన పాఠ్యపుస్తకములలో దీనికి కర్ణాటక యుద్ధమని పేరు. ఇంగ్లీషు ఫ్రెంచి జాతుల పోరాటముగ బాలురు దీనిని వల్లెవేయుదురు. ఈ నేలమీద బ్రతికినవారికి మాత్రమిది యింటిపోరు. ఒకే తాలూకా మనుష్యులు రెండు వైపుల తుపాకులు పట్టిరి, ఒకే రైతు రెండు వైపుల వారికి శిస్తు కట్టెను.

1751లో చందాసాహేబు తిరుచినాపల్లిలో మహమ్మదలీని చుట్టుముట్టియుండగా, శత్రువు దృష్టిని మరలించుటకై క్లైవు రెండు వందల తెల్లవారిని, మూడు వందల సిపాయిలను వెంటబెట్టుకొని మదరాసునుండి బయలుదేరెను. సైన్యమునకు ఎనమండుగురు అధికారులు. అందులో ఆరుగురు యుద్ధమును కంటితో చూచినవారు కారు. నలుగురు కుంపిణీ లెక్కలు వ్రాసికొను వర్తక సేవకులు. క్లైవు తానును గుమాస్తాగా వచ్చినవాడే, వయస్సు ఇరువదియైదు. ఉరుములు మెరుపులతో కూడిన గాలివానలో జంకులేక వారు నడచివచ్చుచున్నారని విని, కోటలోని పదునొకండు వందల బలగము తలుపులు తెరచి వెడలిపోయెను. కోట పట్టుబడుట సుకరమే అయ్యెను గాని నిలుపుకొనుట దుష్కరమయ్యెను. చుట్టుకొలత మైలునకు మించినది, గోడలు అనేక స్థలములలో కూలినవి, బురుజులు శిథిలములు, అగడ్త కొన్నిచోట్ల నడచి దాటవచ్చును, కొన్నిచోట్ల నీరే లేదు. ఇట్టి కోటను చందాసాహేబు కొడుకు రజాసాహేబు పదివేల మందితో చుట్టుముట్టునప్పటికి లోపల పనికివచ్చువారు నూట ఇరువది మంది తెల్లవారు, రెండు వందల మంది సిపాయిలు మాత్రమే. ముట్టడి యేబది దినములు సాగెను.

ఈ వివరములలో పెక్కింటికి ఆకరము రాబర్టు ఓర్మ్ అను కుంపిణీ యుద్యోగి 1763లో ప్రకటించిన ఇందూస్థాన యుద్ధచరిత్ర. ఓర్మ్ క్లైవు కాలమువాడు, మదరాసు సభలో సభ్యుడుగ నుండినవాడు, యుద్ధములో పాల్గొన్నవారి నోట విని వ్రాసినవాడు. అతని శైలి యెండిన శైలి. దూరము, సంఖ్య, గోడ మందము, గుండు బరువు. ఇవియే అతనికి అలంకారములు. ఔరంగజేబు కాలమునాటిదని చెప్పబడు పెద్ద ఫిరంగి నొకదానిని క్లైవు బురుజుమీది కెక్కించి, దినమున కొకమారు రజాసాహేబు విడిదిమీదికి కాల్పించగా నాలుగవనాడది పగిలిపోయినదని అతడు చెప్పిన తీరు చదివిన, నవ్వవలెనని అతనికి తోచినట్లే యుండదు. మాకు మాత్రము నవ్వు వచ్చినది.

మెకాలేకు కావలసినది కావ్యము. కావ్యమునకు నాయకుడు కావలెను. కనుక అతడు ఓర్మ్ పుటలనుండి క్లైవునకు చేరువగ నున్నవానినెల్ల గ్రహించి, తక్కినవానిని విడిచెను. విడుచుట వ్రాతగాని హక్కే. అంతయు చెప్పువాడు ఏమియు చెప్పలేడు. అయినను ఏది విడువబడినదో చూచినగాని వ్రాతగాని మనసు మనకు తెలియదు.

విడువబడినవారిలో మొదటివాడు ఒక తాపీపనివాడు. కోటలో నీటికి ఆధారము ఒక్క కొలను. ఆ కొలనునుండి గోడక్రిందుగా వెలుపలికి పోవు పాతకాలపు భూగర్భపు కాలువ యొకటి యున్నదని కొద్దిమందికి తప్ప తెలియదు. శత్రువు దానిని కనిపెట్టి త్రవ్విన యెడల కొలను రాత్రికి రాత్రి ఎండిపోవును. కోట మరునాడు లొంగిపోవలసినదే. ఈ రహస్యమును కోటకు చెందిన తాపీపనివాడు వచ్చి చెప్పెను. అతనికే బహుమానమిచ్చి, గోడలోపలి భాగమున ఆ కాలువను పూడ్పించిరి. ఓర్మ్ దీనిని నాలుగు పంక్తులలో చెప్పి ముందునకు సాగెను. పనివాని పేరు చెప్పలేదు. మెకాలే ఆ నాలుగు పంక్తులను చెప్పలేదు. కౌటిల్యుడు దుర్గమునుగూర్చి వ్రాయుచు ధాన్యము, నూనె, ఉప్పు, మందులు మొదలు సమస్తమును అనేక సంవత్సరములకు సరిపడునట్లు నిలువచేయవలెనని లెక్కపెట్టి చెప్పినాడు. మా సంస్కృతోపాధ్యాయులు ఆ ప్రకరణమును చెప్పునప్పుడు కోటను గోడ కాపాడదు, నీరు కాపాడునని నొక్కి చెప్పుచుండెడివారు. ఆ లెక్కను బట్టి చూచిన, ఆర్కాటు కోటను కాపాడినవారి వరుసలో క్లైవు ప్రక్కనే యీ పేరులేని పనివాడు కూర్చుండవలసినవాడు. శత్రువు పాళెమునకు పోయి యిదే మాటను అమ్ముకొనినచో అతనికి పదింతలు దొరికియుండునేమో! అతడట్లు చేయలేదు.

విడువబడినవారిలో రెండవవారు కోటలో కాపురమున్న జనము. కోటలోపల మూడు నాలుగు వేలమంది యిండ్లు కట్టుకొని కాపురముండిరనియు, వారు కోరగా క్లైవు వారిని తమ యిండ్లలోనే యుండనిచ్చెననియు ఓర్మ్ చెప్పును. ముట్టడి దగ్గరపడినంతనే ఆహారము చాలదని, కొద్దిమంది పనివారిని తప్ప తక్కినవారి నందరిని వెలుపలికి పంపివేసిరి. వెలుపల నున్నది రజాసాహేబు సేన. పట్టణములోని యిండ్లను ఆక్రమించి, వాని మిద్దెల చాటునుండి కోటమీదికి తుపాకులు కాల్చుచుండెను. లోపలివారు వెలుపలివారైరి, వెలుపలి యిండ్లు మోర్చాలైనవి. చంటిబిడ్డ నెత్తుకొని కోట గుమ్మము దాటిన తల్లి ఎటు పోయినదో చెప్పు పుట ఏ చరిత్రలోను లేదు.

ఇక గంజి కథ. ఇది ఓర్మ్ పుస్తకములో లేదు. గుండు బరువును కూడ లెక్కించినవాడు, క్లైవును మెచ్చినవాడు, ఇంతటి సంగతిని విన్నచో విడిచియుండునా? కథను మొదట లోకమునకు చాటినవారు సర్ జాన్ మాల్కం దొర. ఆయన 1769లో జన్మించెను. ముట్టడి జరిగి అప్పటికి పదునెనిమిదేండ్లు. బాలుడుగ 1783లో మదరాసు సైన్యమున చేరినవాడు. ముసలి సిపాయిల నోట విన్నాడేమో, అధికారుల భోజనపు బల్లకడ విన్నాడేమో. మెకాలే వ్యాసము మాల్కం వ్రాసిన క్లైవు జీవితమునకు సమీక్షగా వెలువడినదే గనుక, కథ ఒక చేతినుండి రెండవ చేతికి వచ్చినది.

ఇంకొక లెక్క యున్నది. ముట్టడి ఆరంభమున కోటలో అరువది దినముల తిండి యున్నదని ఓర్మ్ వ్రాసెను. ముట్టడి యేబది దినములు. తినువారు దినదినమునకు తగ్గిరే గాని పెరుగలేదు. తుది దాడి నాటికి పనికివచ్చువారు ఎనుబది మంది తెల్లవారు, నూట ఇరువది మంది సిపాయిలు. అట్లయిన అన్నము దొరలకు, గంజి సిపాయిలకు పంచుకొనవలసినంత కరవు ఎప్పుడు వచ్చినది? మెకాలే "అరువది దినములు" అను లెక్కను విడిచి, తిండి కొంచెమని మాత్రము చెప్పి యూరకుండెను. అందుచేత కథ అబద్ధమని మేము తేల్చుట లేదు. సాయము ఎప్పుడు వచ్చునో తెలియనివారు ముందుగనే తిండిని బిగబట్టుదురు, నిలువచేసిన బియ్యము తడిసి, ముక్కి చెడిపోవచ్చును, గాయపడినవారును తినవలసినవారే. కథ నిజము కావచ్చును. నిజమైనప్పుడే దానిని చెప్పిన తీరును మరింత శ్రద్ధతో చూడవలెను.

మాల్కం చెప్పిన రూపములో సిపాయిల మాట పొట్టిది: మాకు గంజి చాలును, దొరలకు గింజ కావలెను. మెకాలే దీనికి కారణము చేర్చెను. ఆసియా ఖండమువారి కంటె ఐరోపావారికి ఎక్కువ పోషణ కావలెనట! ఈ శాస్త్రమును సిపాయి నోట పెట్టినది ఎవరు? ఆకలితో నున్న మనుష్యుడు తన కంటె ఎదుటివానికి ఎక్కువ ఆకలి యని చెప్పుట త్యాగము. తన జాతికి ఆకలి తక్కువ యని చెప్పుట త్యాగము కాదు, ఒప్పుకోలు. ఒక్క వాక్యములో త్యాగము ఒప్పుకోలుగ మారినది, మారినట్లు తెలియకుండ మారినది. మెకాలే చాతుర్యమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనబడలేదు.

అన్నము వార్చుట యెరిగిన యింటివారికి ఇంకొక సంగతి తెలియును. గంజి వట్టినీరు కాదు. బియ్యపు బలములో కొంత దానిలోనికి దిగును. ఉప్పు వేసి పట్టించిన గంజి జ్వరము తగ్గినవానిని లేపి నిలువబెట్టును. 1952 నాటి రాయలసీమ కరవులో గంజికేంద్రముల ముందు బారులు తీరినవారిని మన పెద్దలు కన్నులార చూచినారు. గంజితో ప్రాణము నిలుచునని వారు చెప్పుదురు. గంజితో పలుగు ఎత్తలేమని కూడ వారే చెప్పుదురు. తుపాకి బరువు పలుగు బరువునకు తక్కువ కాదు. ఇంకొకటి. మన మెట్టతాలూకాలలో ఆ దినములలో వరియన్నము పండుగనాటి తిండి. నిత్యము రాగిసంగటి, అంబలి. అట్టి ఊళ్లనుండి పటాలములో చేరినవానికి జీతముతోపాటు దినదినము దొరకు అన్నము ఒక సిరి. దానినే అతడు వదలుకొనెనన్న మాట. లండనులో కూర్చుండి వ్రాయువానికి ఈ సిరి తెలియకపోవుట తప్పు కాదు. మనకు తెలిసియుండియు మన పిల్లలకు చెప్పకపోవుట మాత్రము తప్పే.

బాలిక ప్రశ్నకు ఇప్పుడు వత్తుము. అన్నము వండినదెవరు? 1751లో కులాచారము సడలలేదు. తెల్లవారి వంటవాడు వార్చిన గంజిని హిందూ సిపాయి త్రాగునా? త్రాగినచో ఆ కోటలో ఏబది దినములలో ఆచారము ఎట్లు కరగిపోయెనో చెప్పు కథ అది, గంజి కథ కంటె గొప్ప కథ. త్రాగడందురా, అప్పుడు సిపాయిలే వండి, తమ చేతులతో వార్చి, తమ కుండలోని అన్నమును దొరలకు వడ్డించి, అడుగున మిగిలినదానిని తాము త్రాగియుండవలెను. ఏది జరిగినను వంట యొకటి యున్నది, వంట చేసిన చేతులున్నవి. ఈ ప్రశ్న మెకాలేకు తట్టలేదు, మాల్కమునకు తట్టలేదు, ఇరువదేండ్లుగ ఆ పుటను చెప్పుచున్న మాకును తట్టలేదు. తెల్లవారుజామున లేచి యింట వంటచేసి బడికి వచ్చు పిల్లకు తట్టినది.

మెకాలే యీ సిపాయిల భక్తికి పోలికలు వెదకుచు సీజరు పదవ దళమును, నెపోలియను పాత బంట్లను తెచ్చెను. మన చదువరికి తోచు పోలిక అది కాదు. భాగవత నవమస్కంధములోని రంతిదేవుడు మనకు గుర్తు వచ్చును. నలుబదియెనిమిది దినములు ఉపవాసముండి, దొరికిన అన్నమును వచ్చినవారికి వచ్చినట్లు పెట్టి, తుదకు మిగిలిన గుక్కెడు నీళ్లను దప్పిగొన్న అంత్యజునకు ఇచ్చివేసిన రాజు. నలుబదియెనిమిది దినములకు, యేబది దినములకు దూరమెంత? ఆలంకారికులు వీరరసమును విభజించి యుద్ధవీరునకు సరసన దానవీరుని కూర్చుండబెట్టిరి. ఆర్కాటు సిపాయి రెండును. అయితే మన కావ్యములలో దానవీరునకు పేరుండును. కర్ణుడని, శిబియని, రంతిదేవుడని పిలుతుము. ఇచ్చినవానికి పేరుండి పుచ్చుకొన్నవాడు ఎవడో యొకడగును. మెకాలే కావ్యములో పుచ్చుకొన్నవాని పేరు గ్రంథమునకు శీర్షికయైనది, ఇచ్చినవారు గుంపు. దానవీరమును దాతనుండి పెరికి గ్రహీత కిరీటములో పొదిగిన కావ్యము ఇదొక్కటే యనుకొందుము.

ఓర్మ్ కథనములో అధికారుల పేర్లు కనబడును. వీధిపోరులో కిటికీలోనుండి క్లైవునకు గురిపెట్టిన సిపాయిని చూచి క్లైవును ప్రక్కకు లాగి, ఆ గుండునకు తాను బలియైన ట్రెన్విత్ పేరు అందున్నది, ఉండదగినదే. గురిపెట్టినవాడును సిపాయియే. కోటలోపల సిపాయిలు, కోటవెలుపల సిపాయిలు. అన్నదమ్ముల బిడ్డలు రెండు వైపుల నుండియుందురనుట కల్పన కాదు, ఆనాటి పటాలముల కూడిక తెలిసినవారికి సహజముగ తోచు మాట. కావ్యములో లోపలి సిపాయి దేవుడు, వెలుపలి సిపాయి రాక్షసుడు. వెలుపలివానికి భంగు త్రాగించి, మొహర్రపు ఉద్రేకము రేపి, నుదుట ఇనుపరేకులు కట్టిన ఏనుగుల వెనుక తోలుకొనివచ్చిరని మెకాలే చెప్పును. తుపాకి దెబ్బలు తగిలి ఏనుగులు వెనుదిరిగి తమవారినే త్రొక్కినవి. ఆ నవంబరు ఉదయమున వెలుపల చచ్చినవారు, గాయపడినవారు నాలుగు వందలు. లోపల చచ్చినవారు నలుగురు తెల్లవారు. కథ యిక్కడ ముగియును. నాలుగు వందల మంది యిండ్ల కథ ఎవరు చెప్పవలెను?

సాయమునకు సిద్ధపడినవారిలో మనవాడొకడున్నాడు. గుత్తి యధిపతియైన మురారిరావు ఆరువేల మహారాష్ట్ర గుఱ్ఱపుదళముతో ఆర్కాటుకు ముప్పది మైళ్ల పడమట కొండలక్రింద విడిసియుండెను. మైసూరువారు మహమ్మదలీ పక్షమున అతనికి కూలి కుదిర్చియుండిరి. గెలుపు ఎటు మొగ్గునో తేలకుండ అతడు కదలలేదు. ఇంగ్లీషువారు కూడ పోరాడగలరని యిప్పుడు తెలిసినదని అతడు కబురంపెనని ఓర్మ్ వ్రాయగా, మెకాలే దానిని పొగడ్తగ ఎత్తుకొనెను. మాకది పొగడ్తగ కంటె బేరగాని మాటగ వినబడుచున్నది. ఏ గుఱ్ఱముమీద పందెము కాయవలెనో తేలినదని దాని యర్థము. ఆ యింటిపోరులో ప్రతివాడును కూలివాడే, కుంపిణీ కూడ.

ఆ కూలి ఎవరిచ్చిరని యడిగినచో జవాబు మన యింటి గుమ్మముకడనే యున్నది. యుద్ధపు ఖర్చులకై మహమ్మదలీ కుంపిణీకి వ్రాసియిచ్చిన రాబడులలో తిరుపతి దేవస్థానపు రాబడి యొకటి. 1753లో మహమ్మదు కమాలు అను దండనాయకుడు తిరుపతిని దోచబోగా కుంపిణీ సేన వచ్చి తలపడినది. అతడు పట్టుపడి చంపబడెను. ఆ సేన వచ్చినది భక్తిచేత కాదు, రాబడి పోవునని. కొండయెక్కి తలనీలాలిచ్చి ముడుపు చెల్లించిన పేదరాలి కాసు తుపాకిమందుగ మారినదని ఆమెకు తెలియదు. నవాబు అప్పులు పెరిగి పెరిగి 1785లో బర్కు పార్లమెంటులో గొంతెత్తి నిందించువరకు వచ్చినవి. 1801లో రాజ్యమే పోయినది. గంజి త్రాగి కాపాడిన కోట ఎవరిదో అప్పటికి గాని తేలలేదు.

సిపాయిల సంగతి మాత్రము వేరొక దారిని పోయినది. క్లైవు 1756లో మదరాసునుండి బంగాళమునకు సిపాయిలను ఓడలలో తీసికొనిపోయినప్పుడు ఆ దేశమువారు వారిని తిలంగాలని పిలిచిరి. తెలుగునాటివారు గనుక తిలంగాలు. తరువాత ఆ మాట ఏ ప్రాంతపు సిపాయికైనను పేరైపోయినది. 1857లో ఢిల్లీ వీధులలో తిరుగబడిన హిందూస్థానీ సిపాయిలను కూడ ప్రజలు తిలంగాలనియే పిలిచిరి. ఒక జాతి పేరు కూలి తుపాకికి పేరయ్యెను. కీర్తి యనవలెనో అపకీర్తి యనవలెనో మాకు తోచుటలేదు. ఒక్కొక్క మనిషికి పేరు దక్కలేదు, గుంపునకు మాత్రము దక్కినది.

ఇట్టి మరపు మన దేశమునకే ప్రత్యేకము కాదు. స్పెయిను దేశపు అంతర్యుద్ధములో 1936 నవంబరునుండి 1939 మార్చివరకు మాడ్రిడు నగరము నిలిచినది. పలుదేశములనుండి వచ్చిన స్వచ్ఛందదళములను గురించి ఇంగ్లీషులో గ్రంథములు కుప్పలు. అవి వ్రాసినవారిలో పెక్కుమంది ఆ దళములవారో, వారి మిత్రులో. కందకములలో ఎక్కువమంది నిలిచినవారు ఆ నగరపు కార్మికులు, ఆ దేశపు సైనికులు. రొట్టెకై బారులలో నిలిచినవారు వారి స్త్రీలు. కలము ఎవరి చేతనుండునో వారి స్నేహితుడు నాయకుడగును.

మా మిత్రుడొకడు ఈ వ్యాసపు చిత్తుప్రతిని చదివి, "గంజి కథ మన సిపాయికి గౌరవమే కదా, దానిని కూడ పాడుచేయుదురా?" అని మందలించెను. గౌరవమే. మన యిండ్లలో కూడ ఇట్టి గౌరవము ఒకటి యున్నది. అందరికి వడ్డించి, మిగిలినది మిగులనిది చూచుకొని, అడుగంటినదానితో మజ్జిగ పోసికొని తృప్తిగ లేచిన యిల్లాలిని మన పెద్దలు అన్నపూర్ణ యని మెచ్చిరి. మేమును మా తల్లిని అట్లే మెచ్చితిమి. ఆమె ఏమి తిన్నదని యడిగిన జ్ఞాపకము మాకు లేదు. తిన్నవాడు తిననివారిని పొగడుట సులభము. క్లైవు వ్యాసములోని ఆ పుట చదువునప్పుడు మా గొంతు గద్గదమైనదంటిమే, దానిని గురించి మాకిప్పుడు కొంత సిగ్గుగ నున్నది.

మరునాడు ఆ బాలికను పిలిచి, ఎవరు వండియుందురని నీవనుకొందువని యడిగితిమి. ఆమె కొంచెముసేపు ఆలోచించి, "తాపీ మేస్త్రి పెండ్లాం ఉండి ఉంటే ఆమె వండి ఉంటాది సార్. అందరినీ పంపించేసినారు గదా, పనోళ్లను మాత్రం పెట్టుకున్నారు గదా" అనెను. తాపీపనివాని సంగతి మేము తరగతిలో ఒక్క మాటుగ చెప్పి దాటిపోయినది. ఓర్మ్ పుస్తకమును తెరచి, కొద్దిమంది పనివారిని మాత్రము ఉంచుకొనిరను ఆ పంక్తిని ఆమెకు చూపితిమి. ఆమె దానిని తన నోటుపుస్తకములో ఎక్కించుకొనెను.